తప్పు జరిగిన సంగతి మీకు ఎంతసేపట్లో తెలుస్తోంది?

ప్రశ్న: మాది భీమవరం దగ్గర రొయ్యల ప్రాసెసింగ్, ఎగుమతి కంపెనీ. ఆఫీసులో 40 మందిమి, ప్లాంటులో ఇంకో 300 మంది దాకా ఉంటారు. నేను హెచ్‌ఆర్, అడ్మిన్ పనులు చూస్తాను. కిందటేడు మాకు అట్టపెట్టెలు సరఫరా చేసే కంపెనీ పేరుతో "మా బ్యాంకు ఖాతా మారింది, ఇకమీదట ఈ ఖాతాకి వేయండి" అని మెయిల్ వచ్చింది. అకౌంట్స్‌లో పనిచేసే అబ్బాయి నమ్మి రూ. 3.80 లక్షలు పంపేశాడు. తొమ్మిది రోజుల తరవాత అసలు సప్లయర్ ఫోన్ చేసి బిల్లు డబ్బు ఇంకా రాలేదేమని అడిగితే గానీ మాకు తెలియలేదు. ఆ డబ్బు తిరిగి రాలేదు. ఎండీ గారు ఆ అబ్బాయి జీతంలోంచి నెలనెలా కొంత కోస్తున్నారు. ఆ తరవాత హైదరాబాద్ నుంచి ఒకాయన్ని పిలిపించి సగం రోజు క్లాసు పెట్టించాం. గోడలకి పోస్టర్లు అంటించాం, "జాగ్రత్తగా ఉంటాం" అని అందరి చేతా సంతకాలు తీసుకున్నాం. అయినా రెండు నెలలు తిరక్కుండానే డిస్పాచ్‌లో ఒకాయన ట్రాఫిక్ చలానా పేరుతో వాట్సాప్‌లో వచ్చిన ఫైల్ నొక్కి, నాలుగు రోజులు ఎవరికీ చెప్పకుండా దాచాడు. మా బయ్యర్లతో మాట్లాడే గ్రూపులన్నీ ఆ ఫోన్లోనే ఉన్నాయి. ఇప్పుడు ఎండీ గారు "భయం ఉంటేనే జాగ్రత్త ఉంటుంది, ఇకనుంచి తప్పు చేసినవాళ్లకి జరిమానా" అంటున్నారు. ఆ సర్క్యులర్ నన్నే రాయమన్నారు. మావాళ్లలో సగం మందికి ఇంగ్లిష్ రాదు, బడ్జెట్ కూడా పెద్దగా లేదు. వీళ్లలో నిజమైన అవగాహన తేవాలంటే ఏం చేయాలి?

— ఒక పాఠకురాలు, భీమవరం

జవాబు: ముందు ఆ సర్క్యులర్ పక్కన పెట్టండి. ఎండీ గారితో మాట్లాడేదాకా రాయకండి.

మీ ఉత్తరంలో నన్ను పట్టి ఆపింది ఆ నాలుగు రోజులు. డిస్పాచ్ ఆయనకి ఏదో తేడా జరిగిందని ఆ పూటే తెలిసి ఉంటుంది. ఫైల్ నొక్కితే యాప్ ఇన్‌స్టాల్ అవుతుంది, చలానా మాత్రం కనబడదు, చాలాసార్లు ఐకాన్ కూడా మాయమవుతుంది. కాసేపటికి బంధువులు ఫోన్ చేసి "నీ నంబరు నుంచి మాకేదో ఫైల్ వచ్చిందేంటి?" అని అడుగుతారు. అంత జరిగినా ఆయన మీ దగ్గరికి ఎందుకు రాలేదు? అకౌంట్స్ అబ్బాయి జీతం స్లిప్పులో ఏం జరుగుతోందో ఆఫీసులో అందరికీ తెలుసు కాబట్టి. క్లాసులో చెప్పింది మర్చిపోయినా ఆ కోత మాత్రం ఎవరూ మర్చిపోలేదు. తప్పు జరిగితే నోరు మెదపకూడదు అనే పాఠం మీ ఆఫీసు మొత్తానికీ బాగా ఒంటబట్టింది.

జరిమానా పెడితే ఫైళ్లు నొక్కేవాళ్లు తగ్గిపోరు. నొక్కామని చెప్పేవాళ్లు తగ్గిపోతారు. ఈసారి నాలుగు రోజులు దాచారు, ఇంకోసారి నెల దాస్తారు.

మీ ఎండీ గారికి ఈ విషయం ఆయన రంగం నుంచే చెప్పండి. ఒక చెరువులో రొయ్యలకి వైట్ స్పాట్ వైరస్ రోగం కనపడ్డప్పుడు ఆ రైతు సంగతి దాచిపెట్టి రాత్రికి రాత్రి నీళ్లు కాలవలోకి వదిలేస్తే ఆ కాలవ కింద చెరువులు ఏమవుతాయో ఆయనకి తెలుసు. అదే రైతు పొద్దున్నే పక్కవాళ్లకి కబురు పెడితే వాళ్లు తూములు మూసుకుంటారు, నష్టం ఒక చెరువుతో ఆగుతుంది. వైరస్ వచ్చిన రైతుకి జరిమానా వేస్తామంటే కబురు పెట్టేవాడు ఎవడు?

ఇంకా నమ్మకం కుదరకపోతే మన దగ్గర జరిగిన ఉదాహరణే ఉంది. 2022 జనవరిలో హైదరాబాద్‌లోని ఏపీ మహేశ్ కోఆపరేటివ్ అర్బన్ బ్యాంకు నుంచి దొంగలు రూ. 12 కోట్లకు పైగా కొల్లగొట్టారు. పోలీసులు తవ్వితే అసలు కథ 2021 నవంబరులో మొదలైందని తేలింది. అప్పుడు ఆ బ్యాంకు ఉద్యోగులకి 200కు పైగా మోసపు మెయిళ్లు వచ్చాయి. తెరిచింది ఇద్దరు. వందల్లో ఇద్దరంటే చాలా తక్కువే కదా! కానీ ఆ ఇద్దరి కంప్యూటర్లలోంచి లోపలికి దూరినవాళ్లు దాదాపు రెండు నెలలు ఎవరికీ తెలియకుండా కూర్చుని, ఎక్కడ ఏముందో చూసుకుని, అప్పుడు దోచారు. నాకు ఇందులో ముఖ్యంగా కనపడేది ఆ రెండు నెలలే. ఉద్యోగులకి సరైన శిక్షణ లేదని, సర్వర్ల మీద పూర్తి అధికారాలు అవసరానికి మించి చాలామందికి ఇచ్చారని కూడా పోలీసులు చెప్పారు. చివరికి 2023లో రిజర్వ్ బ్యాంకు రూ. 65 లక్షల జరిమానా వేసింది. ఆ జరిమానా కట్టింది బ్యాంకు. ఉద్యోగి నొక్కిన ఒక్క నొక్కుకి కంపెనీ మొత్తం కూలిపోయే పరిస్థితి ఉంటే, ఆ పరిస్థితికి బాధ్యత కంపెనీదే అవుతుంది.

అసలు ఎవరూ ఎప్పుడూ నొక్కకుండా శిక్షణ ఇవ్వగలమా? ఇవ్వలేం. ఈ విషయంలో పెద్ద పెద్ద పరిశోధనలే జరిగాయి. అమెరికాలో శాన్ డియేగోలోని కాలిఫోర్నియా యూనివర్సిటీకి చెందిన ఆసుపత్రుల్లో 19,500 మందికి పైగా ఉద్యోగులకి ఎనిమిది నెలలపాటు ఉత్తుత్తి మోసపు మెయిళ్లు పంపి చూశారు. శిక్షణ పొందినవాళ్లకీ పొందనివాళ్లకీ మధ్య వచ్చిన తేడా 1.7 శాతం. స్విట్జర్లాండ్‌లో ఈటీహెచ్ జూరిక్ పరిశోధకులు ఒక పెద్ద కంపెనీలో 14 వేలకు పైగా ఉద్యోగుల మీద 15 నెలలు ఇలాంటి పరీక్షే చేశారు. నొక్కినవాళ్లకి అప్పటికప్పుడు పాఠం చెప్పే పద్ధతి అక్కడ మేలు చేయకపోగా, కొందరిని ఇంకా తేలిగ్గా మోసపోయేలా చేసింది. కానీ అదే పరిశోధనలో ఒక మంచి సంగతి కూడా బయటపడింది. "ఇది అనుమానంగా ఉంది" అని చెప్పడానికి ఉద్యోగులకి ఒక బటన్ ఇస్తే, కొత్త మోసం మొదలైన కొద్దిసేపటికే ఎవరో ఒకరు పట్టేసి చెప్పేవారు. నెలలు గడిచినా విసుక్కోకుండా చెబుతూనే ఉన్నారు.

మీరు పట్టుకోవాల్సింది దీన్నే. 40 మందిలో 39 మంది నొక్కకపోయినా, వాళ్లలో ఒక్కరైనా వెంటనే చెప్పకపోతే ఉపయోగం లేదు. ఒకరు నొక్కినా పది నిమిషాల్లో చెబితే చాలావరకు బయటపడొచ్చు. మీ ఆఫీసులో అవగాహన పెరిగిందా లేదా అన్నది సంతకాలు చూసి తెలుసుకోలేరు. తప్పు జరిగిన ఎంతసేపటికి మీకు కబురు వచ్చిందో చూసుకోండి.

ఇక చేయాల్సిన పనులకి వద్దాం. మొదటిది డబ్బు చెల్లింపుల సంగతి, ఎందుకంటే ఆ అబ్బాయి విషయంలో మీరందరూ ఒక అన్యాయం చేస్తున్నారని నాకు అనిపిస్తోంది. సప్లయర్ ఖాతా మారిందని మెయిల్ వస్తే ఏం చేయాలో మీ కంపెనీలో ఎప్పుడైనా రాసిపెట్టారా? లేదనే అనుకుంటున్నాను. ఉండి ఉంటే తొమ్మిది రోజులు పట్టేది కాదు. నియమమే లేనప్పుడు నియమం తప్పాడని శిక్షించడం ఎలా కుదురుతుంది?

ఆ మెయిల్ ఇప్పటికీ ఉంటే తీసి, పంపినవాళ్ల చిరునామాని అక్షరం అక్షరం చదవండి. ఇంగ్లిష్ చిన్న బడిలో ఆర్, ఎన్ పక్కపక్కన పెడితే స్క్రీన్ మీద ఎమ్ లాగా కనిపిస్తాయి. ఎల్ అక్షరం చోట ఒకటి అంకె పెడతారు. డాట్ ఇన్ ఉండాల్సిన చోట డాట్ కో ఉంటుంది. బిల్లు నంబరు, మొత్తం, ఆఖరికి సప్లయర్ గుమస్తా సంతకం కింద పెట్టే "థాంక్స్ అండ్ రిగార్డ్స్" కూడా అచ్చు అలాగే ఉంటాయి. ఎందుకంటే చాలా కేసుల్లో దొంగ ముందే ఇద్దరిలో ఒకరి మెయిల్‌బాక్సులోకి దూరి, పాత ఉత్తరాలన్నీ చదివి, బిల్లు కట్టే తేదీ దగ్గరపడేదాకా కాచుకుని ఉంటాడు. కొన్నిసార్లు మెయిల్ సప్లయర్ అసలు చిరునామా నుంచే వస్తుంది, వాళ్ల పాస్‌వర్డు దొంగ చేతిలో పడింది కాబట్టి. అప్పుడు స్పెల్లింగు ఎంత చూసినా తప్పు దొరకదు. కాబట్టి "మెయిల్ జాగ్రత్తగా చదవండి" అని ఉద్యోగులకి చెప్పి ఊరుకుంటే సరిపోదు.

నియమం ఇలా పెట్టండి: ఏ సప్లయర్ ఖాతా మారినా, వాళ్లతో ఫోన్లో మాట్లాడకుండా ఒక్క రూపాయి వెళ్లకూడదు. ఫోన్ చేయాల్సింది మీ రికార్డుల్లో ఎప్పట్నుంచో ఉన్న నంబరుకి. ఆ మెయిల్లో ఇచ్చిన నంబరుకి చేస్తే దొంగే ఎత్తి "అవునండీ, మారింది" అంటాడు. మాట్లాడిన మనిషి పేరు, తేదీ, టైము బిల్లు మీద రాసి సంతకం పెట్టాలి. 2025 ఏప్రిల్ నుంచి ఆర్‌టీజీఎస్, నెఫ్ట్ పంపేముందు అవతలి ఖాతాదారు పేరు చూసుకునే సౌకర్యాన్ని బ్యాంకులు ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు ఆదేశించింది. మీ నెట్ బ్యాంకింగ్‌లో అది ఎక్కడుందో అకౌంట్స్‌వాళ్లకి చూపించండి. అట్టపెట్టెల కంపెనీకి పంపాల్సిన డబ్బుకి ఎవరో వ్యక్తి పేరు కనపడిందంటే అక్కడే ఆగిపోవచ్చు.

మీరు ఎగుమతిదారులు కాబట్టి ఇదే మోసం తిరగబడి వచ్చే ప్రమాదం ఇంకా పెద్దది. మీ పేరుతో మీ అమెరికా బయ్యరుకో యూరప్ బయ్యరుకో "మా బ్యాంకు మారింది" అని మెయిల్ వెళ్తే ఒక కంటైనర్ సొమ్మంతా పోతుంది. సరుకేమో ఓడలో వెళ్లిపోయి ఉంటుంది. బయ్యర్లందరికీ ఇప్పుడే రాసి పెట్టండి: మా బ్యాంకు ఖాతా మార్పు ఎప్పుడూ మెయిల్ ద్వారా మాత్రమే చెప్పం, అలాంటిది వస్తే ఈ నంబరుకి ఫోన్ చేసి కనుక్కోండి అని. ఇన్వాయిస్ అడుగున కూడా అదే వాక్యం వేయండి. దీనికి పైసా ఖర్చు లేదు. ఎగుమతి డాక్యుమెంటేషన్ చూసేవాళ్ల మెయిళ్లకి రెండంచెల లాగిన్ పెట్టడం కూడా ఈ వారంలోనే పూర్తి చేయించండి. పాస్‌వర్డు తెలిసినా ఫోన్లో ఒప్పుకుంటే తప్ప మెయిల్ తెరుచుకోకూడదు.

ఇప్పుడు కాస్త కష్టమైన విషయం. మీ కంపెనీ నెట్ బ్యాంకింగ్‌లో ఒకరు పేమెంట్ పెడితే ఇంకొకరు ఒప్పుకునే మేకర్, చెకర్ పద్ధతి ఉండే ఉంటుంది. ఆ రెండో పాస్‌వర్డు నిజంగా ఎవరి దగ్గర ఉంది? చాలా కంపెనీల్లో యజమాని పెళ్లిళ్లకీ ప్రయాణాలకీ తిరుగుతుంటారు కాబట్టి రెండు పాస్‌వర్డులూ అకౌంటెంట్ డైరీలోనే ఉంటాయి. ఓటీపీ మాత్రం ఎండీ గారు ఫంక్షన్ హాలులోంచి ఫోన్లో చదివి వినిపిస్తారు. ఎండీ గారి డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ ఏడాది పొడుగునా అకౌంట్స్ కంప్యూటర్‌కి గుచ్చే ఉంటుంది, పిన్ నంబరు మానిటర్ అంచున కాగితం మీద రాసి ఉంటుంది. మీ దగ్గర ఇలా లేకపోతే సంతోషం. ఉంటే, ఓటీపీ ఎవరికీ చెప్పకూడదని గోడ మీద ఎన్ని పోస్టర్లు అంటించినా లాభం లేదు. కింది ఉద్యోగులు పైవాళ్లు ఏం చేస్తున్నారో అదే చేస్తారు.

పైగా ఇప్పుడు దొంగలు వాడుకుంటున్నది యజమాని మాటకి ఉన్న ఆ బరువునే. 2022 సెప్టెంబరులో పుణెలోని సీరమ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఏమైందో చూడండి. సంస్థ అధిపతి ఆదార్ పూనావాలా పేరుతో, కొన్ని ఖాతాలకి వెంటనే డబ్బు పంపమని ఒక డైరెక్టరుకి వాట్సాప్ సందేశం వచ్చింది. రూ. కోటికి పైగా వెళ్లిపోయింది. కోవిడ్ టీకాలు చేసిన అంత పెద్ద సంస్థ అది. 2024 మొదట్లో హాంకాంగ్‌లో అరూప్ అనే ఇంజనీరింగ్ కంపెనీ ఉద్యోగి ఏకంగా వీడియో కాల్లో తన పై అధికారిని, తోటివాళ్లని చూసి మాట్లాడి 2.5 కోట్ల డాలర్లు పంపాడు. ఆ కాల్లో కనపడ్డ ముఖాలన్నీ కృత్రిమ మేధతో చేసినవి. ముఖం చూశాను, గొంతు విన్నాను అనే మాట ఇక చాలదు.

మీ ఆఫీసులో ఎండీ గారి నుంచి "అర్జెంటు, వెంటనే పంపు, మీటింగ్‌లో ఉన్నాను, ఫోన్ చేయొద్దు" అని మెసేజ్ వస్తే, ఆయనకే ఫోన్ చేసి "సార్, ఇది మీరే పంపారా?" అని అడిగే ధైర్యం అకౌంట్స్ అబ్బాయికి ఉందా? ఇప్పుడున్న పరిస్థితిలో ఉండదు. ఆ ధైర్యం క్లాసుల వల్ల రాదు, ఎండీ గారే ఇవ్వాలి. ఒక రోజు అందరినీ నిలబెట్టి ఆయన నోటితో ఈ మాట చెప్పించండి: "నా పేరుతో డబ్బు అడుగుతూ ఏ మెసేజ్ వచ్చినా నాకు ఫోన్ చేయండి. నేను విసుక్కోను. అది నేనే పంపి ఉన్నా సరే, అడిగినందుకు మెచ్చుకుంటాను." ఆ తరవాత ఎవరైనా నిజంగా అలా ఫోన్ చేసినప్పుడు ఆయన విసుక్కోకూడదు. మొదటిసారి ఫోన్ చేసినవాడికి ఏం జరిగిందో ఆఫీసంతా గమనిస్తుంది. మీ అవగాహన కార్యక్రమం నిలిచేదీ పడేదీ అక్కడే.

కబురు చెప్పడానికి దారి తేలిగ్గా ఉండాలి. ఒక మనిషి, ఒక నంబరు. మీ ఐటీ పనులు చూసే అబ్బాయో, మీరో. అనుమానం వచ్చిన మెసేజ్ స్క్రీన్‌షాట్ తీసి ఆ నంబరుకి వాట్సాప్ చేస్తే చాలు, ఫారాలు నింపడాలు వద్దు. పంపినవాళ్లకి పది నిమిషాల్లో జవాబు వెళ్లాలి: "మంచి పని చేశారు, ఇది మోసమే" అనో, "పర్లేదు, ఇది నిజమైనదే" అనో. జవాబు రాకపోతే మూడోసారి ఎవరూ పంపరు. మొదటి నెలలో ఇలాంటివి గుట్టలుగా వస్తాయి. ఎండీ గారు చూసి "మోసాలు పెరిగిపోయాయా?" అని టెన్షన్ పడొచ్చు. పెరిగింది చెప్పేవాళ్ల సంఖ్య అని ఆయనకి ముందే చెప్పి పెట్టుకోండి.

ఇంకో కాగితం తయారుచేసి అకౌంట్స్ గదిలో అంటించండి. డబ్బు పోయిందని తెలిసిన క్షణంలో చేయాల్సినవి దాని మీద తెలుగులో ఉండాలి. మొదట 1930కి ఫోన్ చేయాలి. కేంద్ర హోం శాఖ కింద పనిచేసే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ అది. అక్కడ ఫిర్యాదు నమోదైతే డబ్బు ఏ ఖాతా నుంచి ఏ ఖాతాకి పోతోందో ఆయా బ్యాంకులకి వెంటనే తెలిసి, ఇంకా ఖాతాలో మిగిలి ఉన్నంతవరకు ఆపగలుగుతారు. దొంగలు గంటల్లోనే అయిదారు ఖాతాలు మార్చి ఏటీఎంలలోంచి తీసేస్తారు కాబట్టే మీ విషయంలో తొమ్మిది రోజుల తరవాత ఏమీ దొరకలేదు. అదే సమయంలో ఇంకొకరు మీ బ్యాంకుకి ఫోన్ చేయాలి. బ్రాంచి మేనేజరు సెల్ నంబరు, బ్యాంకు మోసాల ఫిర్యాదు నంబరు ఆ కాగితం మీదే ఉండాలి. ఎంత సొమ్ము, ఎప్పుడు, ఏ ఖాతాకి, యూటీఆర్ నంబరు (ఆ చెల్లింపుకి బ్యాంకు ఇచ్చే గుర్తింపు సంఖ్య) ఎంత అన్నవి చేతిలో పెట్టుకుని మాట్లాడాలి. ఆ తరవాత జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్లో ఫిర్యాదు పూర్తి చేయాలి. శనివారం సాయంత్రం అయిదింటికి డబ్బు పోయిందనుకుని ఒకసారి ఉత్తుత్తిగా చేసి చూడండి. ఎవరి ఫోన్ కలవదో, ఎవరికి యూటీఆర్ ఎక్కడ వెతకాలో తెలియదో అప్పుడే బయటపడుతుంది. మీ ఐటీ అబ్బాయికి ఇంకొకటి చెప్పాలి: సర్వరో మెయిలో హ్యాక్ అయితే ఆరు గంటల్లోపు కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కి తెలియజేయాలని 2022 ఏప్రిల్‌లో ఇచ్చిన ఆదేశాలు మీలాంటి కంపెనీలకీ వర్తిస్తాయి.

ఇక క్లాసుల సంగతి. సగం రోజు ఇంగ్లిష్ స్లైడ్లు మళ్లీ వద్దు. వారానికి పది నిమిషాలు, టీ టైములో, తెలుగులో, ఎవరి పని చేసేవాళ్లకి వాళ్ల సంగతి చెప్పండి. అకౌంట్స్‌కి ఖాతా మార్పు మెయిళ్లు. డాక్యుమెంటేషన్‌వాళ్లకి షిప్పింగ్ కంపెనీ పేరుతో వచ్చే అటాచ్‌మెంట్లు. మీకు మీరే చెప్పుకోవాల్సింది కూడా ఉంది: హెచ్‌ఆర్‌కి రోజూ తెలియనివాళ్ల నుంచి రెజ్యూమెలు వస్తాయి, వాటిని తెరవడమే మీ ఉద్యోగం. అందుకని వాటిని మెయిల్లోనే ప్రివ్యూలో చూడండి, జిప్ ఫైళ్లు, "ఎనేబుల్ కంటెంట్" నొక్కమని అడిగే వర్డ్ ఫైళ్లు తెరవకండి. గేటు దగ్గర సెక్యూరిటీ ఆయనకి చెప్పాల్సింది వేరు. సీసీటీవీ బాగుచేయడానికి వచ్చామనో, నెట్ చూడడానికి వచ్చామనో ఎవరొచ్చినా, పిలిచిందెవరో లోపలికి ఫోన్ చేసి కనుక్కునేదాకా పంపకూడదు. దొరికిన పెన్‌డ్రైవ్ ఎవరి చేతిలోనూ పెట్టకూడదు. అమెరికాలో ఇల్లినాయ్ యూనివర్సిటీ ఆవరణలో పరిశోధకులు 297 పెన్‌డ్రైవ్‌లు కావాలని పడేసి చూస్తే, దాదాపు సగం డ్రైవ్‌లలోని ఫైళ్లని ఎవరో ఒకరు తెరిచారు. చదువుకున్నవాళ్లే.

పాఠానికి సరుకు బయట వెతకక్కర్లేదు. ఆ వారం మీవాళ్ల ఫోన్లకి వచ్చిన మెసేజ్‌లే చూపించండి. చలానా, పెళ్లి శుభలేఖ, కరెంటు బిల్లు కట్టలేదని బెదిరింపు, పీఎం కిసాన్, కొరియర్, అన్నీ వచ్చే ఉంటాయి. ఫైల్ పేరు చివర ఏపీకే అని ఉంటే అది బొమ్మా కాదు, కాగితమూ కాదు, యాప్ అని చూపించండి. ప్రభుత్వం చలానా ఎప్పుడూ వాట్సాప్‌లో యాప్ రూపంలో పంపదు. ఆ యాప్ ముందుగా అడిగేది ఎస్‌ఎంఎస్‌లు చదివే అనుమతి. అది ఇచ్చేస్తే మీ ఓటీపీలన్నీ దొంగకి చేరతాయి. నొక్కేసినవాళ్లు ఏం చేయాలో కూడా అప్పుడే చెప్పాలి: ఫోన్ని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, వేరే ఫోన్ నుంచి బ్యాంకుకి చెప్పి యూపీఐ, కార్డులు ఆపించి, ఐటీ అబ్బాయి దగ్గరికి రావాలి. మీ డిస్పాచ్ ఆయన ఫోన్ సంగతి ఇంకా తేలకపోతే ఇవాళే తేల్చండి. కావలసినవి దాచుకుని ఫ్యాక్టరీ రీసెట్ చేయించి, వాట్సాప్‌లో లింక్డ్ డివైజెస్ చూసి తెలియనివి తీసేసి, మెయిల్, బ్యాంకు పాస్‌వర్డులు మార్పించండి. బయ్యర్ల గ్రూపుల్లో "ఆ రోజుల్లో మా నంబరు నుంచి ఏ ఫైల్ వచ్చినా తెరవకండి" అని ఒక మెసేజ్ పెట్టించండి. కాస్త నామోషీగా ఉన్నా చెప్పడమే మేలు.

ఉత్తుత్తి మెయిళ్లు పంపి ఎవరు పడతారో చూద్దామని ఎవరైనా కన్సల్టెంటు చెబితే తొందరపడకండి. 2020 డిసెంబరులో, కోవిడ్ రోజుల్లో, వెబ్‌సైట్ల పేర్లు అమ్మే అమెరికా కంపెనీ గోడాడీ తన ఉద్యోగులకి 650 డాలర్ల పండగ బోనస్ అని మెయిల్ పంపింది. ఆశగా వివరాలు నింపినవాళ్లకి తరవాత "మీరు పరీక్షలో తప్పారు" అని చెప్పింది. అంతా మండిపడ్డారు, కంపెనీ క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది. మీ ఆఫీసులో నమ్మకం ఇప్పటికే దెబ్బతింది. ఇంకో ఆరు నెలలు అలాంటివి పెట్టుకోకండి.

పాస్‌వర్డుల గురించి ఒక్కటే చెబుతాను. నెలకోసారి మార్చాలనే నియమం మీ దగ్గర ఉంటే తీసేయండి. జనం చివర అంకె మాత్రం మారుస్తారు, లేదా రాసి అంటిస్తారు. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ కూడా ఊరికే గడువు పెట్టి మార్పించొద్దని 2017లోనే చెప్పింది. పొడుగ్గా ఉండాలి, ఒకచోట వాడింది ఇంకోచోట వాడకూడదు. ఒకదానికొకటి సంబంధం లేని నాలుగు తెలుగు మాటలు ఇంగ్లిష్ అక్షరాల్లో రాసుకుంటే గుర్తుంటుంది, ఊహించడమూ కష్టం.

ఆ అబ్బాయి జీతం కోత ఆపించడం వీటన్నిటికంటే ముందు జరగాలి. చట్టప్రకారం చూసినా, నష్టం జరిగిందని జీతంలో కోయాలంటే అది ఉద్యోగి నిర్లక్ష్యం వల్లే జరిగిందని తేలాలి, కోతకి ముందు సంజాయిషీ చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. మీ దగ్గర ఆ పద్ధతి జరిగిందా? లేబర్ కన్సల్టెంటుని అడిగి చూడండి, ఎండీ గారికి ఆయన చెబితే ఇంకా బరువుగా ఉంటుంది. ఇప్పటిదాకా కోసింది తిరిగి ఇప్పించగలిగితే ఇంకా మంచిది. అది అందరి ముందూ చెప్పి ఇప్పించాలి. తెలిసి కంపెనీ డబ్బు కాజేసినవాళ్ల మీద చర్య తీసుకోవద్దని నేను అనడం లేదు. మోసపోయినవాణ్ని మోసగాడిలా చూడొద్దంటున్నాను, అంతే. ఆ అబ్బాయికి ఇష్టమైతే, ఆ మెయిల్ ఎలా వచ్చింది, ఎందుకు నమ్మాడు అన్నది కొత్తగా చేరేవాళ్లకి అతని చేతే చెప్పించండి. ఇష్టం లేకపోతే అడగొద్దు.

మీ ఉత్తరంలో ప్లాంటులో 300 మంది ఉన్నారని రాశారు గానీ వాళ్ల గురించి ప్రశ్నలో ఏమీ అడగలేదు. రొయ్యలు ఒలిచే ఆడవాళ్లకి కంపెనీ మెయిల్ ఉండదు, వాళ్ల వల్ల కంపెనీకి ప్రమాదం కూడా తక్కువే. కానీ వాళ్ల జీతం బ్యాంకు ఖాతాలోనే పడుతుంది, చేతిలో స్మార్ట్‌ఫోన్ ఉంటుంది, లోన్ యాప్‌ల వలలో పడే ప్రమాదమూ ఉంటుంది, డబ్బు పోతే మళ్లీ సంపాదించుకోవడం కష్టమయ్యేదీ వాళ్లకే. షిఫ్టు మారే టైములో ఆ పది నిమిషాల పాఠం వాళ్లకీ చెప్పండి, 1930 నంబరు ఐడీ కార్డు వెనక అచ్చు వేయించండి. ఫోన్లో ఏదైనా తేడా వస్తే సూపర్‌వైజర్ని కాకుండా నేరుగా మిమ్మల్ని కలవొచ్చని చెప్పండి. సూపర్‌వైజర్ తిడతాడనే భయం అక్కడ ఆఫీసులో కంటే ఎక్కువగా ఉంటుంది.